చోటుంటే

అట్టు తిరగేస్తూండగా సెలెస్టీన్‌కు ఎడమచెయ్యి మళ్లీ మొద్దుబారింది. ఆమెది ఎడమచేతి వాటం. మిషన్ బడిలో సిస్టర్లు బెత్తంతో ఎన్నో మాన్పించారు గాని ఇదొక్కటి మాన్పించలేకపోయారు. అట్లకాడను కుడిచేతికి మార్చుకుంది. అట్టు సగం మడతపడి పెనం అంచున కూలబడింది. చెడిన అట్టును ఆమె ఎవరికీ పెట్టదు, పొయ్యి పక్కన నిలబడి తనే తినేస్తుంది. ఇవాళ తినబుద్ధి కాక మంటలో వేసింది.

పొట్టి మనిషి. వెడల్పాటి ముఖం, పొయ్యి వైపు ఉండే చెంప రెండోదానికంటె నల్లబడింది. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. తలకు కట్టుకున్న రుమాలు అంచున నెరిసిన జుట్టు చెమటకు అంటుకుపోయింది. వంటింట్లో అంత వేడి లేదు. ఆగస్టు చివర, కొండమీద, తెల్లవారుజామున ఎవరికీ చెమట పట్టదు.

నొప్పి నిన్న సాయంత్రం మొదలైంది. రొమ్ము కింద పుట్టి భుజానికి పాకింది. మొన్న వసంతంలో ఊళ్లో నర్సు చెప్పింది: "ఇది భుజానికి పాకిందంటే ఎక్కడున్నా సరే వెంటనే వచ్చెయ్." ఎక్కడున్నా సరే అనడం తేలిక. ఆ నర్సు బస్సులు తిరిగే చోట పుట్టింది. ఈ సరస్సుకు దారి లేదు. రావాలన్నా పోవాలన్నా నీటి విమానమే. ఈకల గాలాలతో ట్రౌట్ చేపలు పట్టడానికి డబ్బున్నవాళ్లు దానిలోనే దిగుతారు, దానిలోనే పోతారు. సరస్సుకు ఈ చేపల క్యాంపు యజమాని తన తల్లి పేరు పెట్టుకున్నాడు. అంతకుముందు దానికి ఇక్కడి ఆదివాసుల భాషలో వేరే పేరుండేది. అది సెలెస్టీన్‌కు తెలుసు. ఎవరూ అడగలేదు.

భోజనాల గదిలో నలుగురు అతిథులు నవ్వుకుంటున్నారు. ఇవాళ వాళ్లు వెళ్లిపోయే రోజు. అదే విమానంలో కొత్తవాళ్లు నలుగురు దిగుతారు. అట్లు, బేకన్ ముక్కలు, మేపుల్ పాకం వాళ్ల ముందు పెట్టి వచ్చి, ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుని, రేడియో దగ్గర కూర్చుంది. రోజూ ఆ వేళకు కింద ఊళ్లోని విమానాల రేవుతో మాట్లాడి సరుకులు చెప్పడం ఆమె పనే.

"కెల్సీనండీ. చెప్పండి సెలెస్టీన్ గారూ."

"లెట్యూస్ ఆకు పంపమ్మా. వెన్న. కోడిగుడ్లు." ఒక్కక్షణం ఆగింది. "కాస్త ఒంట్లో నలతగా ఉంది. ఇవాళ విమానంలో చోటుంటే నేనూ ఊళ్లోకి వస్తాను."

"అయ్యో. బాగా ఇబ్బందిగా ఉందా?"

"అబ్బే. చోటుంటేనే."

"సరే, రస్‌తో చెబుతాను. మొదటి ట్రిప్పు నిండిపోయింది మరి. తొందరేం లేదు కదా, చూద్దాం. గుడ్లు పెద్దవా, మామూలువా?"

"పెద్దవి," అంది సెలెస్టీన్.

సెలెస్టీన్ వాళ్ల ఊళ్లో చోటుంటే అన్న మాటకు చోటు చెయ్యండని అర్థం. ఇల్లు కాలిపోయినవాడు కూడా పొరుగింటి గుమ్మంలో నిలబడి, మీకేదైనా మూల ఖాళీగా ఉంటే, అనే అంటాడు. నాకివ్వండని సూటిగా అడిగేది పసిపిల్లలు, తాగినవాళ్లు. అబ్బే అన్నారంటే మరీ ముంచుకొచ్చిందన్నమాట. నిరుడు దాకా రేడియోకు అవతల కూర్చున్నది సెలెస్టీన్ చిన్నాన్న కూతురు మార్తా. మార్తా అయితే ఆ మాట పూర్తి కాకముందే పైలట్‌ను తిట్టి లేపేది. ఈ వసంతంలో యజమాని కొడుకు, వచ్చేవాళ్లకు మార్తా గొంతు మొరటుగా ఉంటోందని, ఆమెను మాన్పించి భార్య మేనకోడల్ని కూర్చోబెట్టాడు. కెల్సీ చెడ్డ పిల్ల కాదు. చెప్పింది చెప్పినట్టు వింటుంది. వచ్చిన చిక్కల్లా అదే.

ఇసిడోర్ కట్టెలు ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఆమె మొగుడు. పడవలు చూసేదీ, చేపలు కోసేదీ, కట్టెలు కొట్టేదీ అతనే.

"అదేం చెప్పడమే?"

"మరెలా చెప్పాలి? చస్తున్నాను రండహో అని చాటింపు వెయ్యనా?"

"ఆ పిల్లకి మన మాట తీరు తెలీదు."

"నువ్వు చెప్పు మరి. నీకూ ఉందిగా నోరు."

ఇసిడోర్ రేడియో వైపు చూశాడు. ఇన్నేళ్లలో అతను ఆ పెట్టెను ముట్టుకున్నది దుమ్ము తుడవడానికే. కట్టెలు పొయ్యి పక్కన పడేసి, ఒక్కొక్కటీ సరిగ్గా సర్ది, బయటికి వెళ్లిపోయాడు.

ఆమె పళ్లేలు కడిగింది. రేపటికి పిండి కలిపింది. పదమూడో ఏట మిషన్ బడి వంటింట్లో బంగాళదుంపల తొక్కు తియ్యడంతో మొదలుపెట్టింది. ఆ తరువాత ప్రిన్స్ రూపర్ట్ రేవుపట్నంలో చేపల డబ్బాల ఫ్యాక్టరీ. అక్కడ సాల్మన్ తలలు నరికేది. వలలు బాగుచేసే ఇసిడోర్ అక్కడే తగిలాడు. ఒక కొడుకు పుట్టి, నడక రాకముందే పోయాడు. ఆ తరువాత ఫ్యాక్టరీ మూతపడింది. ఇద్దరూ ఇక్కడికొచ్చారు. మంచు కరిగినప్పుడు రావడం, నీళ్లు గడ్డకట్టే ముందు పోవడం. భోజనాల గది గోడల నిండా ఫోటోలున్నాయి, చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకుని పళ్లికిలించిన మగవాళ్లు. అన్నిటిలోకీ ఒకదానిలో మాత్రం ఆమె మోచెయ్యి పడింది. కాఫీ పోస్తూ దాటిపోతున్నట్టుంది.

నీళ్ల బకెట్టు ఎత్తబోయి కింద పెట్టేసింది. కిటికీలోంచి మొగుణ్ణి పిలిచింది.

"పిండి కలిపి పెట్టాను. రేపు పొద్దున పొంగితే అట్లు పొయ్యి. పొంగకపోతే రొట్టె ఉంది. చిక్కుడుగింజల్లో మళ్లీ ఉప్పు వెయ్యకు, వేశాను."

"నా వంట తింటే ఈ వచ్చేవాళ్లు చస్తారు."

"చావనీ. చేపలన్నా మిగుల్తాయి."

అతను నవ్వలేదు. నవ్వుతాడేమోనని ఆమె కాస్సేపు చూసింది.

చర్చికి వేసుకునే నీలం కోటు తొడుక్కుంది. చిన్న సంచిలో ఒక జత బట్టలు, జపమాల పెట్టుకుంది. వంటింట్లోంచి రేవు వరకు దిగుడు దారి. మధ్యలో ఉన్న స్ప్రూస్ చెట్టుకు చెయ్యి ఆనించి ఆగింది. ముందెన్నడూ ఆ చెట్టు దగ్గర ఆగలేదు.

విమానం కొండ భుజం మీదుగా వచ్చి నీళ్లమీద గీత గీసుకుంటూ ఆగింది. కొత్తవాళ్లు దిగారు, చేతులు చాచి గాలి పీల్చుకున్నారు. పాతవాళ్ల సామాను ఎక్కించడం మొదలైంది. సంచులు, గాలపు కర్రలు, మంచులో పెట్టిన చేపల పెట్టెలు. వాళ్లలో హాల్ అనే ఆయన, స్పొకేన్‌లో టైర్ల దుకాణాలున్న భారీ మనిషి, అడవిలో రాలిపడిన మూస్ దుప్పి కొమ్మొకటి దొరికితే భుజాన వేసుకొచ్చాడు. దానిని కూడా తాళ్లతో కట్టారు.

పైలట్ రస్ రేవు అంచున కూర్చుని, విమానాన్ని నీళ్లమీద తేల్చే ఫ్లోట్ల వెనక కొసలు చూశాడు. అవి మరీ మునిగితే విమానం లేవదు. ఈ ఎత్తున గాలి పలచన. పొద్దున్న చల్లదనంలో లేచే బరువు ఎండెక్కాక లేవదు.

"ఇంక ఆవగింజ పెట్టినా లేవదు," అన్నాడు. తలెత్తి ఆమె సంచి చూశాడు. "సెలెస్ట్, చోటుంటేనే అన్నావటగా. సాయంత్రం ఖాళీ విమానం తెస్తా. మహారాణిలా పోదువుగాని."

హాల్ ఒక కాలు ఫ్లోట్ మీద పెట్టి వెనక్కి తిరిగాడు. "మావల్ల ఆగిపోతున్నావా అమ్మా? కావాలంటే ఆ కొమ్మూ, చేపల పెట్టెలూ దింపేస్తాను."

"వద్దు బాబూ. అంత కష్టపడి పట్టుకున్నారు. తీసుకెళ్లండి."

మొదటిసారి వద్దనాలి. ఎదుటివాడు అదేం కుదరదని పెట్టె దింపాలి. మళ్లీ వద్దనాలి. వాడు రెండోదీ దింపి చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆమె చూసింది అదే. అందుకని సంచి కింద పెట్టకుండా, అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నీ అట్లు మాత్రం మర్చిపోను," అని హాల్ ఎక్కి తలుపు వేసుకున్నాడు.

ఇసిడోర్ చేతిలో తాడుంది. అది వదిలితే తప్ప విమానం కదలదు. రస్ అద్దంలోంచి చెయ్యి ఊపాడు. ఇసిడోర్ భార్య వైపు చూశాడు. ఆమె విమానం వైపు చూస్తోంది. రస్ మళ్లీ ఊపాడు. ఇసిడోర్ తాడు వదిలాడు.

మధ్యాహ్నం కోటు విప్పి కొత్తవాళ్లకు వండింది. చేపముక్కలు, బంగాళదుంపలు, లెట్యూస్ ఆకు. ఒకాయన కాఫీ పలచగా ఉందన్నాడు. మళ్లీ కాచింది. సరస్సు మీద గాలి లేచింది. అలల నెత్తిన నురగ తెల్లగా కనిపిస్తోంది. రేడియోలో కెల్సీ, గాలి తగ్గితేగాని రస్ బయల్దేరడని చెప్పింది.

"మీకు ఫర్వాలేదు కదండీ?"

"ఫర్వాలేదమ్మా," అంది సెలెస్టీన్. ఊపిరి చాలక ఆ మాట రెండు ముక్కలుగా వచ్చింది. రేడియోలో ఎవరి మాటైనా ఎప్పుడూ అలాగే తెగి వస్తుంది.

పొద్దు వాలుతుండగా మళ్లీ కోటు వేసుకుని రేవు మీద బల్లపై కూర్చుంది. ఇసిడోర్ ఆమెకు వీపు పెట్టి, కోతబల్ల దగ్గర కొత్తవాళ్ల చేపలు కోస్తున్నాడు. పొట్ట చీరి, పేగులు నీళ్లలోకి విసిరి, కత్తి కడుగుతున్నాడు. గల్ పక్షులు అరుస్తున్నాయి.

"రొమ్ములో నొప్పి అని చెప్తే నీ సొమ్మేం పోయేదే?" అన్నాడు. "ఒక్క ముక్క. నొప్పి అని. గుడ్లు పెద్దవని చెప్పగలిగావుగా."

కత్తి మళ్లీ ముంచాడు.

"ఆ టైర్లాయన దింపుతానన్నాడు. దింపనిస్తే సరిపోయేది. వాళ్లకేం తెలుసు మన వద్దులు. వాళ్లకి వద్దంటే వద్దే."

గాలి తగ్గుతోంది. అవతలి ఒడ్డున కొండ నీడ నీళ్లలో మళ్లీ నిలబడింది.

"నేనూ చెప్పాల్సింది. సరే, నేనూ చెప్పలేదు. ఇద్దరం ఇద్దరమే. తిట్టు. తిట్టవేమే?"

ఒక గల్ పక్షి వచ్చి బల్ల మీద, ఆమె మోకాలి పక్కనే వాలింది. ఆమె తోలుతుందని ఇసిడోర్ వెనక్కి తిరిగి చూశాడు. గల్ పక్షులంటే ఆమెకు గిట్టదు. పక్షి మెడ తిప్పి ఆమె చేతి వైపు చూస్తోంది. చెయ్యి వెల్లకిలా ఒళ్లో ఉంది. కళ్లు నీళ్ల మీద ఉన్నాయి.

ఇసిడోర్ చేతులు కడుక్కున్నాడు. చేపరక్తం పోయేదాకా ఇసుకతో రుద్ది కడుక్కున్నాడు. అప్పుడు వెళ్లి ఆమె కళ్లు మూశాడు. రుమాలు ముడి సరిచేశాడు. వంటింట్లోకి నడిచి రేడియో మీట నొక్కాడు.

"విమానం పంపు."

"ఎవరండీ? ఇసిడోర్ గారా? గాలి కాస్త పూర్తిగా..."

"పంపు. ఆవిడ పోయింది."

అవతల కెల్సీ, "తొందరేం లేదనే అన్నారండీ, నేను అడిగాను, నిజంగా అడిగాను," అంటూ ఏడ్చింది. అడిగిన మాట నిజమే. ఇసిడోర్ మీట వదిలేశాడు.

సూటిగా అడిగితే విమానం ఎంత త్వరగా వస్తుందో అతను ఆ సాయంత్రం చూశాడు. కొండ మీద ఇంకా వెలుగుండగానే వచ్చింది. రస్ దిగి టోపీ తీశాడు. మనిషిని పడుకోబెట్టాలంటే అడ్డొస్తుందని, పానాతో మధ్య సీటు విప్పి బయట పెట్టాడు. దుప్పట్లో చుట్టి ఇద్దరూ ఎత్తారు. కొత్తవాళ్లు మెట్ల మీద టోపీలు పట్టుకుని నిలబడ్డారు. కాఫీ పలచనన్నాయన గొంతు సవరించుకున్నాడు.

"చాలా బాధగా ఉందయ్యా. మరి రేపు పొద్దున..."

"పిండి పొంగుతుంది," అన్నాడు ఇసిడోర్. "మీరే పోసుకోండి."

"నువ్వూ వచ్చేస్తే క్యాంపులో ఎవరూ ఉండరు," అన్నాడు రస్ మెల్లగా. "యజమాని కొడుకు ఊరుకోడు."

ఇసిడోర్ తాడు తనే విప్పాడు. ఫ్లోట్ మీద కాలు పెట్టి, వంగి లోపలికి పాకి, ఆమె తల పక్కన నేలమీద కూర్చున్నాడు.

విమానం తేలికగా లేచింది. అలలు వచ్చి రేవు పలకల కింద కొట్టుకుని సర్దుకున్నాయి. కొత్తవాళ్లు లోపలికి వెళ్లి దీపం వెలిగించారు. రేవు చివర, విప్పి పెట్టిన సీటు సరస్సు వైపు తిరిగి ఉంది. దాని బెల్టు కొస నీళ్లకు అందీ అందక వేలాడుతోంది.