లారీ కేబిన్ భాష

ఏసుపాదం, ఆయన బిడ్డ అఖిల కలిసి ఒక భాష కట్టారు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మేళ్లచెరువు నుంచి సూర్యాపేటకు సిమెంటు లారీ తోలే రోజుల్లో, ఎండాకాలం సెలవులకు ఆయన బిడ్డను కేబిన్‌లో ఎక్కించుకునేవాడు. క్లీనర్‌కు అర్థం కాకుండా మాట్లాడుకోవాలని పుట్టిందది. రూల్సన్నీ అఖిల ఒక నోటు పుస్తకంలో రాసింది. పని ముందు చెప్పాలి, మనిషి తర్వాత. ఒకటికంటే ఎక్కువుంటే మాటను రెండుసార్లు అనాలి. ఆఖరి రూలు మాత్రం ఏసుపాదం పెట్టాడు: ఈ భాషలో అబద్ధమాడొద్దు, తెలుగులో ఎంతైనా ఆడుకోవచ్చు. 'తాకె రూలి' అంటే 'ఉన్నదున్నట్టు చెప్పు' అని. ఆ మాట అడిగాక ఇక తప్పించుకునే దారి లేదు.

ఇల్లాలు శాంతమ్మకు ఒళ్లు మండేది. తండ్రీబిడ్డలు గుసగుసలాడుతుంటే, నేనేమన్నా పరాయిదాన్నా అని గిన్నెలు దబదబా పెట్టేది. వీళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. అదీ వీళ్లు చేసిన తప్పు.

ఇరవై ఏళ్లు గడిచాయి. కోదాడలో టీచరుగా చేస్తున్న అఖిల, ఇవాళ మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు గదిలోంచి రిపోర్టు పట్టుకుని బయటికొచ్చింది. నాయినకు ఊపిరితిత్తుల క్యాన్సరు, బాగా ముదిరింది. మహా అయితే ఆరు నెలలన్నాడు డాక్టరు. ఆ మాట చెబితే మనిషి ఇవాళే సగం చచ్చిపోడూ? దాచిపెడదామనే గట్టిగా అనుకుని వార్డులోకి వెళ్లింది.

"ఏం లేదు నాయినా. నిమ్ము చేసిందట," అంది.

ఏసుపాదం ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు.

"తాకె రూలి," అన్నాడు.

పాడు రూలు! ఎవడు పెట్టమన్నాడు దాన్ని? అఖిలకు దుఃఖం ముంచుకొచ్చింది. అయినా ఆ భాషలోనే, పని ముందు, మనిషి తర్వాత, ఉన్నదంతా చెప్పేసింది.  మీ అమ్మకు మాత్రం చెప్పకు, తట్టుకోలేదు అని ఆయన అదే భాషలో ఒట్టు వేయించుకున్నాడు.

అంతలో శాంతమ్మ టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. డాక్టర్ ఏమన్నడని అడిగింది. నిమ్మేనట, మందులకు తగ్గుతదట అని ఏసుపాదం తెలుగులో నవ్వుతూ చెప్పాడు. ఆమె అన్నం కలిపి కంచం ఆయన చేతికిచ్చింది. తర్వాత తల ఎత్తకుండా, కూడబలుక్కుంటూ అంది.

"తాకె రూలి."

తండ్రీబిడ్డలు కొయ్యబారిపోయారు. గోడలకు చెవులుంటాయంటారు, మరి ఇల్లాలికి ఉండవా?

"నాకు గీ ఒక్క మాటనే వచ్చు," అంది శాంతమ్మ. "జవాబు తెలుగులనే చెప్పు."

ఏసుపాదం కంచం పక్కన పెట్టాడు. పెళ్లాం చెయ్యి పట్టుకుని, తెలుగులో నిజం చెప్పాడు.