పెద్దవీధి ఐసుపెట్టె

నెహెమ్యా ఐసుపెట్టె అద్దాన్ని లోపలినుంచి తుడుస్తున్నాడు. పొద్దున్నే పాపాయమ్మగారిని అందులోంచి తీసి శ్మశానానికి పట్టుకెళ్ళారు. దండల్లోని చేమంతి రేకలు అడుగున అంటుకుపోతే గోటితో గీకి, సబ్బునీళ్ళు కొట్టి, ఫినాయిలు పట్టించాడు. శవం లేచాక ఆ పెట్టెని ముట్టుకోవడానికి పెద్దవీధిలో ఒక్కరికీ చెయ్యి రాదు. అందుకే వీధి కమిటీ షెడ్డు తాళంచెవి పేటవాడైన నెహెమ్యా మొలతాడుకి ఉంటుంది.

ఆ కమిటీ ఈనాటిది కాదు. ఒకప్పుడు దాని పనల్లా పేటవాళ్ళు చెప్పులేసుకుని ఆ వీధిలో నడవకుండా చూడటం. నెహెమ్యా తాత నడిచాడు. ఆ చెప్పులే నెత్తిన పెట్టించి యానామంతా తిప్పారు. తర్వాత పేటవాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకి జరిమానా. ఇప్పుడవేమీ లేవట, అబ్బో, ఎంత మారిపోయారో! ఇప్పుడున్నవి టెంట్లు, కుర్చీలు, ఈ పెట్టె. అన్నీ వీధికి మాత్రమే. పేటలో ఎవరైనా పోయి పెట్టె అడిగితే రిపేరని చెప్పాలి. ఆ చెప్పే పనీ నెహెమ్యాదే.

ఇంట్లో భార్య రూతు మంచం దిగడం లేదు. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పేశాడు. గుజరాత్‌లో నర్సుగా ఉన్న కూతురు అనూష రైలెక్కింది, రేపు రాత్రికి గానీ దిగదు. "అమ్మ ముఖం చూడాలి నాన్నా" అని ఫోనులో ఒకటే ఏడుపు.

మధ్యాహ్నం బామ్మర్ది సాల్మన్ సైకిలు మీద వచ్చాడు.

"బావా, అక్క పోయింది."

చల్లబడటానికి టైము పడుతుందని నెహెమ్యా ముందు పెట్టెకి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. అప్పుడు వెళ్ళి కమిటీ ప్రెసిడెంటు అమ్మిరాజు ఇంటి మెట్ల కింద నిలబడ్డాడు.

"మా ఆడది పోయిందండీ. పిల్ల వచ్చేదాకా పెట్టె ఇప్పించండి."

అమ్మిరాజు వీధివైపు చూశాడు. "అయ్యో! అది రిపేరులో ఉంది గదరా."

"పొద్దున్నే నేనే తుడిచానండీ."

"రిపేరన్నాను గదా."

నెహెమ్యాకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ తనచేత అందరికీ చెప్పించిన మాటే తనకి చెబుతున్నాడు. తాళంచెవి తన దగ్గరే ఉంది, పెట్టె ఎత్తుకుపోవచ్చు. కానీ తెల్లారితే వీధంతా పేట మీద పడుతుంది. మొలతాడునుంచి తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టాడు.

"మరొకణ్ణి చూసుకోండి."

సాల్మన్ చేపల మార్కెట్టునుంచి ఐసు తెచ్చాడు. ఊక పోసి రూతు చుట్టూ పేర్చారు. ఎండాకాలం, ఎంతసేపు ఆగుతుంది? తెల్లారేసరికి చాపంతా నీళ్ళు. ఇక ఉంచలేమని పాస్టరుగారు అంటే మధ్యాహ్నానికి మట్టిచేసి వచ్చేశారు.

అనూష రాత్రికి దిగింది. తడి ఆరని చాప మీద కూలబడి, "ఒక్కరోజు ఉంచలేకపోయావా నాన్నా?" అంది.

పెద్దవీధి షెడ్డులో అతను వేసిన స్విచ్చి ఎవరూ ఆపలేదు. ఖాళీ పెట్టె ఆడుతూనే ఉంది, అద్దం లోపలంతా తెల్లగా మంచు పట్టింది.