చిలోంబేకి వరుస లేదు

ఆసుపత్రుల లెక్కలు రాసే ఆ పాత పట్టిక లిలోంగ్వే నగరంలోని సహాయ సంస్థ ఆఫీసులో అందరికీ తలనొప్పే. ఒక్కో ఆసుపత్రికి ఒక్కో వరుస. అడ్డంగా రోగానికొకటి, వయసుకొకటి, మందుకొకటి చొప్పున ఎనిమిది వందల గళ్లు. పల్లె ఆసుపత్రుల వాళ్లు నింపేది మహా అయితే ఇరవై. మిగతాదంతా ఖాళీ. తెరిచిన ప్రతిసారీ కంప్యూటర్ మూలిగేది.

లెక్కలు చూడ్డానికి కొత్తగా చేరిన తవోంగ నెల తిరక్కుండా దాన్ని నాలుగు గళ్లకు దించింది. ఆసుపత్రి, వారం, విషయం, సంఖ్య, అంతే. సంఖ్య వస్తే వరుస పడుతుంది, రాకపోతే లేదు.

"ఖాళీలన్నీ ఊడ్చేశావా తల్లీ?" అన్నాడు ఫైళ్ల గదిలో ముసలి గ్రేషమ్.

"చెత్త దాచుకుంటామా బాబాయ్?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, పాపం.

సోమవారం దక్షిణాన వరదల్లో కలరా పుట్టింది. సెలైను ఎవరికి పంపాలో ఆ పట్టిక చిటికెలో జాబితా ఇచ్చింది. డైరెక్టరు అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. మర్నాడే లారీ కదిలింది.

బుధవారం మధ్యాహ్నం తవోంగ న్సిమా సంకటి తింటుండగా ఫోన్ మోగింది. ఏటి అవతల చిలోంబే ఆసుపత్రి నర్సు, దవూలో చేశాడు.

"అమ్మా, సెలైను బండి బయల్దేరిందని విన్నాం, ఎందాకా వచ్చింది? పొద్దుటినుంచీ ఒడ్డునే మనిషిని పెట్టాను."

ఎంగిలి చేత్తోనే పట్టిక తెరిచి వెతికింది. చిలోంబే లేదు. సున్నా ఉందా అంటే అదీ లేదు, అసలు పేరే లేదు. వంతెన, సిగ్నల్ రెండూ పోయి, కొత్త పట్టిక మొదలైన ఈ మూడు వారాల్లో అక్కడినుంచి ఒక్క సంఖ్యా రాలేదు మరి. పాత పట్టికలో అయితే ఆ వరుస ఆ చివరినుంచి ఈ చివరిదాకా బోసిగా కనపడి, వీళ్లకేమైందని ఎవరో ఒకరు అడిగేవారు. తవోంగ మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి, ఆసుపత్రుల పేర్లన్నీ పోల్చి చూసి లేచింది.

"సార్, తప్పు నాది," అంది డైరెక్టరు గదిలో. "లెక్క పంపనివాళ్లు పట్టికలోనే లేరు. ఆసుపత్రుల పేర్లు వేరే పట్టికలో పెట్టి పోల్చి చూడాల్సింది. ఇప్పుడు చూశాను. పదకొండు తప్పిపోయాయి."

"ఎంత పని చేశావమ్మాయ్!" అని ఆయన ఫోనందుకున్నాడు. లారీ సరుకు దింపేసి తిరిగొస్తోంది. మళ్లీ నింపి, పడవమీద దాటించేసరికి శుక్రవారం.

దవూలోకి మళ్లీ ఫోన్ చేసినప్పుడు, తప్పు వరద మీద నెట్టేద్దామని తవోంగకి నాలుక చివరిదాకా వచ్చింది. నెట్టలేదు.

"అన్నా, శుక్రవారం అవుతుంది. నేను కట్టిన పట్టికలో మీ పేరు లేదు. నావల్లే."

అవతల ఎవరో మూలుగుతున్నారు. దవూలో కాగితాలు తిప్పిన చప్పుడు.

"సరే, రాసుకో. మళ్లీ సిగ్నల్ ఉంటుందో లేదో. కలరా చావులు, ఐదేళ్లలోపు పిల్లలు. నాలుగు."

ఆమె రాసింది. వరుస వెంటనే పడింది.

"పడిందా?"

"పడిందన్నా."

"అయితే ఇప్పుడు మేమున్నట్టేనా?"

"ఉన్నారన్నా," అంది తవోంగ.