హాజిమ్ వాళ్ళమ్మ పేరు

మా వీధిలో అమ్మను ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ ఆవిడ హాజిమ్ వాళ్ళమ్మ. హాజిమ్ కంటే ముందు పుట్టినదాన్ని నేను. అయినా వాడు పుట్టేదాకా అమ్మ వట్టి సబ్రీ మేస్త్రి, అంటే మా నాన్న, ఇంటావిడే. ఈజిప్టులో, అందులోనూ మా దుమ్యాత్ ఊళ్ళో ఆడదాని పేరు గడప లోపలి సంగతి. మగపిల్లల బడిలో అయితే మరీను. ఒకడి తల్లి పేరు మిగతావాళ్ళకు తెలిసిందంటే వాడికి ఇక నిద్ర ఉండదు. హాజిమ్ తరగతిలోనే ఒక పిల్లవాడు ఈ గొడవ పడలేక బడి మారిపోయాడు. వాడి తల్లి పేరు కనిపెట్టి మొదట అరిచింది మా హాజిమే. ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ పడీపడీ నవ్వాడు.

పన్నెండో ఏట వాడి చేతికి ఫోను వచ్చింది. వాడు బంతిని కాలి మీద, మోకాలి మీద, తల మీద కింద పడకుండా ఆడిస్తాడు. ఆ ఆట వీడియోలు పెట్టుకోవడానికి ఖాతా కావాలన్నాడు. పాస్‌వర్డ్ తన దగ్గర ఉంటేనే ఒప్పుకుంటానంది అమ్మ. వాడు గొణిగి, తలుపు తన్ని, చివరికి ఇచ్చాడు.

చలికాలం మొదట్లో ఎవరో మనిషి వాడికి రాయడం మొదలుపెట్టాడు. మొదట పొగడ్తలు. తర్వాత ఏ వీధి, ఏ బడి అన్న ప్రశ్నలు. ఒక మధ్యాహ్నం అమ్మ చేపలు కడిగిన చేతులు తుడుచుకుని ఫోను తీసి చూసేసరికి కొత్త మాట ఉంది. "నువ్వు పడుకునే గది ఫొటో పెట్టు. మీ అమ్మకు చెప్పకు."

అమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఎవడో జోకేశాడమ్మా," అన్నాడు హాజిమ్. "నువ్వు ప్రతిదానికీ శవం లేచినట్టు చూస్తావు."

అమ్మ ఆ మనిషి ఖాతాను బ్లాక్ చేసింది. వాడు ఇంకో పేరుతో వచ్చాడు. దాన్నీ ఆపితే మరో పేరుతో వచ్చాడు. ఆ వారమే బడిలో తల్లుల మీటింగు పెట్టారు. పైనుంచి ఎవరో చదువుకున్నావిడ వచ్చి, పిల్లల ఖాతాను పెద్దవాళ్ళు గమనిస్తున్నారని పైనే రాసి పెట్టండి, చెడ్డవాళ్ళు దగ్గరికి రారు అని చెప్పిందట. ఇంటికి వస్తూనే అమ్మ ముసుగు కూడా తియ్యకుండా కూర్చుని, హాజిమ్ ఫొటో కింద రాసింది. "ఈ ఖాతాను ఇతని తల్లి ఇన్షిరాహ్ అబ్దుల్ జవాద్ రోజూ చూస్తుంది."

"పేరెందుకమ్మా?" అన్నాను.

"తల్లి అని ఊరికే రాస్తే ఎవడు భయపడతాడే? తల్లి లేనిదెవరికి? పేరుంటే అవతల ఒక మనిషి కూర్చుని ఉందని తెలుస్తుంది."

నిజంగానే ఆ మనిషి మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళు అమ్మ పని చేసుకుంటూ కూనిరాగాలు తీసింది.

తర్వాత ఒక రోజు హాజిమ్ చిరిగిన చొక్కాతో ఇంటికొచ్చాడు. సంచీ గోడకేసి కొట్టాడు.

"ఎవరు రాయమన్నారు? ఎవరు రాయమన్నారు నిన్ను?"

"ఏమైందిరా?"

"ఏమైందా? తరగతంతా పాడుతున్నారు. ఇన్షిరాహ్ కొడుకొచ్చాడు జరగండ్రా అంటున్నారు. ఇన్షిరాహ్ ఇవాళ ఏం వండింది, ఇన్షిరాహ్ జుట్టు ఎంత పొడుగు అని అడుగుతున్నారు. అరబ్బీ మాస్టారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడు!"

అమ్మ వెంటనే ఆ వాక్యం తీసేసింది. కానీ అప్పటికే దాని ఫొటో అందరి ఫోన్లలోనూ ఉంది. సాయంత్రాలు మా కిటికీ కింద నిలబడి పిల్లలు ఆ పేరును బంతి ఆటలో స్కోరు అరిచినట్టు అరిచేవాళ్ళు. రొట్టెల కొట్టువాడి కొడుకు షిహాబ్ వాళ్ళకు నాయకుడు. హాజిమ్‌ను ఆటలోకి రానివ్వడం మానేశారు. వాడు తిండి తగ్గించాడు, ఆ తర్వాత బడికి పోననేశాడు.

"హెడ్మాస్టరుతో మాట్లాడతాను," అంది అమ్మ.

"నువ్వు బడి గేటు దాటావంటే నేను కాలవలో దూకుతా."

"పోనీ, ఖాతా మూసేద్దాం."

"మూస్తే పారిపోయాడంటారు. ఆ ఫోనువాడు నన్నేం చేసుండేవాడో గానీ, నువ్వు మాత్రం చంపేశావు."

అమ్మ వాడు తినని పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇంత జరుగుతున్నా నాన్నకు తెలియదు. ఆయన పొద్దున పోతే కుర్చీల కాళ్ళు చెక్కి చెక్కి, చెవుల నిండా రంపం మోతతో ఇంటికొస్తాడు.

ఒక రోజు నేను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే కింద మెట్ల మీద షిహాబ్ గొంతు వినిపించింది.

"ఒరేయ్, దీనికి మందు ఒకటే. నువ్వే పిలువు. నువ్వే పిలిచాక ఇంక మాకేం సరదా?"

"మా అమ్మనా?"

"మీ అమ్మను కాదురా, ఇన్షిరాహ్‌ను. పిలిస్తే ఆవిడ పలకాలి. అది వీడియోలో పడాలి. అప్పుడు నువ్వు మాలో ఒకడివి. నీ బంతి కూడా తెచ్చుకో."

హాజిమ్ పైకొచ్చాక వాడి చెయ్యి పట్టుకున్నాను. "చేశావంటే నాన్నతో చెప్తా."

"చెప్పు అబ్లా," అన్నాడు. అక్కను అలాగే పిలుస్తాడు, ఎప్పుడూ మర్యాదగానే. "పేరు రాసిందెవరో కూడా చెప్పు. ఎవరి పళ్ళు రాలతాయో చూద్దాం."

నేను వాడి చెయ్యి వదిలేశాను.

శుక్రవారం అమ్మ క్యాబేజీ ఆకుల్లో బియ్యం పెట్టి చుడుతోంది. ముందు పెద్ద గిన్నె, ఒళ్ళో తువ్వాలు, చేతులకు నూనె. హాజిమ్ తలుపు దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నేను వంటింటి అవతలి గదిలో ఉన్నాను, తలుపులోంచి అమ్మ కనబడుతోంది. వాడు గొంతు మార్చి, కొంచెం దూరం నుంచి పిలిచినట్టు పిలిచాడు.

"ఇన్షిరాహ్!"

అమ్మమ్మ పోయాక మా ఇంట్లో అమ్మను ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదు. అమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో చుట్టం వచ్చినట్టు, తనను ఆడుకోవడానికి రమ్మన్నట్టు, పెదవులు విడిపడి నవ్వు వచ్చేసింది.

"ఆఁ, వస్తున్నా!" అంది.

తర్వాతగానీ ఫోను కనబడలేదు ఆవిడకు.

ఆ సాయంత్రానికి ఊళ్ళో సగం మంది చూశారు. వాడి బంతి వీడియోలన్నీ కలిపినా అన్ని గుండె గుర్తులు రాలేదు. "ఆఁ, వస్తున్నా" అన్న మాట కత్తిరించి, పాటకు కలిపి పిల్లలు ఒకరికొకరు పంపుకున్నారు. వీడియో కింద హాజిమ్ నవ్వుతున్న బొమ్మలు పెట్టి జవాబులిస్తూ పోయాడు. "ఇన్షిరాహ్‌ను నాకిచ్చి పెళ్ళి చేస్తావా?" అని ఒకడు అడిగితే, "ముందు నీ జీతమెంతో చెప్పు," అని రాశాడు.

పాస్‌వర్డ్ ఇంకా అమ్మ దగ్గరే ఉంది. అన్నీ చదివింది.

"తీసెయ్యమ్మా," అన్నాను. "ఒక్క వేలితో పోతుంది."

"తీసేస్తే వాణ్ణి మళ్ళీ బయటికి తోసేస్తారే. ఇవాళ రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాడు, చూశావా?"

మర్నాడు హాజిమ్ బడికి వెళ్ళాడు. షిహాబ్ వాడి భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు.

నాన్నకు కాఫీ కొట్టులో తెలిసింది. టీ అందించే కుర్రాడు గ్లాసు పెడుతూ, "ఆఁ, వస్తున్నా!" అన్నాడట. బల్లలన్నీ నవ్వాయట. నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పి వరసగా పెట్టాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో నా పెళ్ళాం పేరు నా నోటి నుంచి కూడా ఎవరూ వినలేదు. ఎవరు చేశారిది?"

హాజిమ్ ముఖం పాలిపోయింది. అమ్మ వాడి వైపు చూడను కూడా లేదు.

"నేనే రాశాను పేరు," అంది. "మొదలు నాదే."

"వీడియో?"

"నన్ను తీయమని నేనే అన్నాను."

హాజిమ్ నేల చూపులు చూశాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను.

"నీ ఫోను ఇలా తే," అన్నాడు నాన్న అమ్మతో. తీసుకుని హాజిమ్ ఒళ్ళో పడేశాడు. "ఇకనుంచి మీ అమ్మ ఏం రాస్తోందో, ఎవరికి రాస్తోందో నువ్వు చూడు. రోజూ చూడు. మగాడివి. ఏదైనా జరిగితే నిన్నడుగుతా."

"మరి వాడి ఫోనో, నాన్నా?" అన్నాను.

"వాడిది వాడిది. పెద్దవాడవుతున్నాడు, వాడి గుట్టు వాడికుంటుంది. వాడి ఖాతాలో కూడా ఆవిడ వేలు పెట్టడానికి వీల్లేదు."

నాన్న స్నానానికి వెళ్ళాడు. హాజిమ్ సోఫాలో సర్దుకుని కూర్చున్నాడు. కాసేపటికి వాడికి రంగు తిరిగొచ్చింది.

"పాస్‌వర్డ్?"

అమ్మ చెప్పింది. వాడు తెరిచాడు. అందులో వంటల వీడియోలు, గ్యాసు బండవాడి నంబరు, పోర్ట్ సయీద్‌లో ఉండే పెద్దమ్మతో మాటలు. పెద్దమ్మ రోజూ పొద్దున్నే ఏదో ఒకటి పంపుతుందని నాకూ అప్పుడే తెలిసింది. హాజిమ్ పైకి చదవసాగాడు.

"ఇన్షిరాహ్, లేచావా. ఇన్షిరాహ్, ఇక్కడ వాన. ఇన్షిరాహ్, నీ మోకాలు ఎలా ఉంది." వాడు తలెత్తాడు. "ప్రతి దాంట్లోనూ పేరే! నాన్న చూస్తే ఏమవుతుంది? నన్ను అడుగుతాడు."

వెనక్కి పోతూ ఒక్కొక్కటే చెరిపేశాడు. ఏళ్ళ మాటలు. అమ్మ ఎదురుగా నిలబడి వాడి వేలినే చూస్తోంది. అన్నీ అయ్యాక వాడే రాశాడు, రాస్తూ పైకి చదివాడు. "ఇకమీదట ఆ పేరు ఇక్కడ రాయవద్దు. ఇట్లు, హాజిమ్ వాళ్ళమ్మ."

పెద్దమ్మ జవాబు వెంటనే వచ్చింది.

"ఎవరది? మా చెల్లెలు ఎక్కడ?"

హాజిమ్ ఎంతైనా పన్నెండేళ్ళవాడు. ఫోను పట్టుకుని అమ్మ వైపు చూశాడు. "ఏం రాయమంటావు?"

"లేదని రాయి," అంది అమ్మ.

వాడు అలాగే రాశాడు.