ఆర్డెల్లా మీద చెప్పిన కబుర్లు

శనివారం పొద్దున బాల్టిమోర్‌లో ఆ వీధి ఆడవాళ్లంతా గుమ్మం ముందున్న పాలరాతి మెట్లు తోముకుంటారు. ఆర్డెల్లా ఒకప్పుడు అందరికంటే ముందే ముగించేది. ఈ ఏడు మూడో మెట్టుకే ఆయాసంతో కూలబడుతోంది. ఊపిరితిత్తులు పాడయ్యాయి, క్రిస్మస్ దాటడం కష్టం అని డాక్టరు చెప్పేశాడు. ఆమెకి ముప్పై నాలుగేళ్లు.

మొగుడు లూషస్ నలుగురు పాటగాళ్ల జట్టులో అడుగు స్థాయి పాడే బేస్ గొంతు. పాట మధ్యలో మిగతా ముగ్గురూ ఊఁ ఊఁ అంటూ రాగం పట్టుకుంటే, అతను పాడడం ఆపి పెళ్లాం మీద కబుర్లు చెప్పేవాడు. జనం నవ్వితే అవి నిజమయ్యేవి. నవ్వకపోతే లేదు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా! "మా ఆవిడ లావెక్కి తలుపులో ఇరుక్కుంది" అని అతను చెప్పిన వారమే, బట్టలు కుట్టే పక్కింటి వీటా కొలతల టేపు పట్టుకుని వచ్చింది.

"మీ ఆయన నోరు పడిపోను! ఎన్ని అంగుళాలు వదులు చెయ్యమంటావు?"

ఆ గురువారం జట్టు పాటని స్టూడియోలో రికార్డు చేస్తారనగా, ముందురోజు ఆర్డెల్లా మొగుణ్ని అడిగింది. "నేను తొంభై ఏళ్లు బతికానని చెప్పవయ్యా."

"మేం పాడిన రెండు డాన్సు పార్టీల్లో చెప్పి చూశానే. అందరికీ నీ జబ్బు సంగతి తెలుసు. జాలిపడ్డారు గాని ఒక్కడూ నవ్వలేదు."

"నవ్వించడం చేతకాకపోతే నువ్వెందుకు మరి?"

గురువారం ఆమె కూడా వెళ్లి స్టూడియోలో ఓ మూల కుర్చీలో కూర్చుంది. మొదటిసారి, "మా ఆవిడకి తొంభై, ఇంకా తిడుతూనే ఉంది" అన్నాడు లూషస్. ఎవరూ నవ్వలేదు. రెండోసారి చేతికర్ర కూడా కలిపాడు. జట్టులో సన్నగొంతు పాడే క్లెమ్ నేలచూపులు చూశాడు.

"ఇదే ఆఖరుసారి," అన్నాడు అద్దం వెనక నుంచి స్టూడియో ఓనరు. "కుదరకపోతే మాటలు తీసేస్తాను."

మళ్లీ పాట మొదలైంది. ఎప్పటిలాగే మధ్యలో క్లెమ్ కీచుగా అడిగాడు. "ఒరే, మీ ఆవిడెక్కడరా?"

లూషస్ ఆర్డెల్లా వంక చూశాడు.

"నా శవపేటిక పక్కన," అన్నాడు తాపీగా. "తిడుతోంది. 'చచ్చేవాడివి ఆ చెత్తబుట్ట బయటపెట్టి చావొచ్చుగా? ఆ టై ఏమిటి, లే!' అంటోంది. పాస్టరుగారు ఆమెన్ అంటే ఆయన్నీ దులిపేసింది. తొంభయ్యో ఏట కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి నా సమాధిని తిట్టి వెళ్లింది!"

క్లెమ్ పగలబడి నవ్వాడు. ఓనరు కళ్లు తుడుచుకున్నాడు. ఆర్డెల్లా ఒక్కతే నవ్వలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆమె ఎక్కడా ఆగకుండా, ఆయాసపడకుండా స్టూడియో మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూస్తే లూషస్ సగంలో కమ్మీ పట్టుకుని రొప్పుతున్నాడు.

"ఎందుకలా అన్నావయ్యా?"

"నవ్వారు కదే," అన్నాడు.

నవంబరులో లూషస్ పోయాడు. చర్చిలో పేటిక మీద పడి గుండె పగిలేలా ఏడవాలనుకుంది ఆర్డెల్లా. నోరు తెరిస్తే తిట్లే వచ్చాయి. చెత్తబుట్ట గురించి, టై గురించి. ఆపుకుందామన్నా ఆగలేదు. జనం మొదట పెదాలు కొరుక్కున్నారు, ఆ తర్వాత బెంచీలు పట్టుకుని నవ్వారు. పాపం, ఆమె కంట ఒక్క చుక్క రాలలేదు. ఊపిరి మాత్రం నిండుగా అందుతోంది. తొంభై నిండడానికి ఆమెకింకా యాభై ఆరేళ్లు ఉన్నాయి.