పార్థసారథి పేరుతో వచ్చినవాడు

సీబీఐ డీఎస్పీ పార్థసారథి సింగపూర్‌లో తెలుగువాళ్ళ ఫ్లాట్ల మీద పడి పాస్‌పోర్టులు లాక్కుపోతున్నాడన్న కబురు, రిటైరైపోయి టాంపినీస్‌లో కూతురు అనన్య ఇంట్లో ఇడ్లీ తింటున్న పార్థసారథి చెవిన పడింది.

చెప్పిన పిల్ల పేరు సుచిత్ర. అల్లుడు కౌశిక్ టీములో పనిచేస్తోంది. ఆదివారం టిఫినుకి పిలిస్తే వచ్చింది. "మా మావయ్యగారు, పార్థసారథిగారు. సీబీఐలో చేసేవారు" అని కౌశిక్ అనగానే ఆ పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. ప్లేటు బల్లమీద పెట్టేసి గుమ్మం వైపు చూసింది.

"కూర్చో అమ్మా. నేనేం మింగేస్తానా?" అన్నాడు పార్థసారథి.

"మీరు ఆయన కాదు కదా అంకుల్? మొన్న మా ఫ్లాటుకి వచ్చిన పార్థసారథిగారు కుర్రాడు. ఆయనకి జుట్టుంది."

అనన్య కిసుక్కున నవ్వింది. తండ్రి చూపు తగిలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

ఆ తరవాత సుచిత్ర చెప్పింది విన్నాక ఎవరికీ నవ్వు రాలేదు. వచ్చినవాడు సీబీఐ కార్డు చూపించాడు. మీ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు దొంగవి, హైదరాబాదులో కేసు రిజిస్టరైంది, పాస్‌పోర్టులు ఇవ్వండి అన్నాడు. ఇక్కడి పోలీసుల చెవిన పడితే నేరుగా జైలే అన్నాడు. ఫ్లాటులో ఉన్న ముగ్గురమ్మాయిలూ మారుమాట లేకుండా ఇచ్చేశారు. సెరంగూన్‌లో ఇంకో ఫ్లాటుకీ వెళ్ళాడట.

"రేపు వర్క్ పాస్ రెన్యువల్‌కి పాస్‌పోర్టు చూపించాలి అంకుల్. అది లేకపోతే పాస్ పోతుంది, ఉద్యోగం పోతుంది. పెట్టె సర్దుకోవాలి."

"రేపు పెట్టుకుని ఇవాళ చెబుతావా?" అన్నాడు కౌశిక్. "నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెబితే రెండో సంగతి కూడా చెప్పాలి కదా కౌశిక్‌గారూ."

"అంటే సర్టిఫికెట్ నిజంగానే దొంగదా?"

సుచిత్ర తల వంచుకుంది. "అమీర్‌పేటలో కోర్సు చేశాను. రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కన్సల్టెన్సీవాళ్ళే కలిపారు. అందరికీ కలుపుతారు, పప్పులో ఉప్పు వేసినట్టు."

పార్థసారథి చెయ్యి కడుక్కుని వచ్చాడు. ముప్పయ్యేళ్ళు కాపాడుకున్న పేరు అది. దాన్ని ఎవడో చొక్కాలా తొడుక్కుని తిరుగుతున్నాడు.

"చూడమ్మా, సీబీఐ అంటే ఆకాశంలోంచి ఊడిపడింది కాదు. యుద్ధకాలంలో మిలిటరీకి కొన్న సరుకుల్లో మేసినవాళ్ళని పట్టుకోవడానికి తెల్లవాళ్ళు పెట్టిన చిన్న దళం అది. అరవై మూడులో పేరు మారింది. ఇప్పటికీ రాష్ట్రం ఒప్పుకోకపోతే బెజవాడలోనే కేసు పట్టలేం. ఇక పరాయి దేశమా? కోర్టు ద్వారా వీళ్ళ ప్రభుత్వాన్ని అడగాలి. సోదా చేసేది వీళ్ళు. మనం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి, అదీ వేయనిస్తే."

"ఆయన గుమ్మంలో నిలబడితే నాకు చట్టం గుర్తురాలేదు అంకుల్. మా అమ్మ గుర్తొచ్చింది."

పార్థసారథి మెత్తబడ్డాడు. సీబీఐ పేరు వింటే ఇంటిల్లిపాదీ ఎలా బిగుసుకుపోతారో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"సరే. లోపలికి రాగానే ముందు ఏం చేశాడు? అది చెప్పు."

"చేతులు రెండూ చాపాడు. మీలో అందరికన్నా చిన్నవాళ్ళెవరు అని అడిగాడు. నేనే. నా జేబులు వెతుకమ్మా, మీ ఇంట్లో నేనేమీ పెట్టి పోవడం లేదని ముందు నువ్వు తేల్చుకో అన్నాడు."

పార్థసారథి తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమిటి మావయ్యగారూ?"

"సోదాకి వెళ్ళినవాళ్ళు ముందు తమ జేబులు చూపించుకోవాలి. అది పద్ధతి. చూపించేది ఇంటి యజమానికి. ఇంట్లో చిన్నవాళ్ళచేత వెతికించడం మాత్రం నా ఒక్కడి అలవాటు. పోలీసు జేబులో చెయ్యి పెడితే పిల్లలకి నవ్వొస్తుంది. వాళ్ళు నవ్వితే పెద్దవాళ్ళకి ఊపిరాడుతుంది. ఇది ఏ రూల్సులోనూ లేదు."

"అయితే వీడు మీ దగ్గర పనిచేసినవాడు."

"నా దగ్గర పనిచేసినవాళ్ళందరికీ ఈపాటికి నాలాగే బట్టతలే. వీడికి జుట్టుంది. వీడు నేను సోదా చేసిన ఏదో ఇంట్లో పిల్లాడు." సుచిత్ర వైపు తిరిగాడు. "నీ సర్టిఫికెట్ దొంగదని ఇంకెవరికి తెలుసు?"

"కన్సల్టెన్సీవాళ్ళకి. ఇక్కడ మేనేజరు సుధాకరరావని, ఆయనకి. నేనెప్పుడూ చూడలేదంకుల్. అంతా ఈమెయిల్సే. ఫోనెత్తేది ఒకావిడ."

"ఉద్యోగం ఇప్పించినవాడి మొహం కూడా చూడలేదా?" అన్నాడు కౌశిక్.

"మీరు నన్ను తీసుకున్నప్పుడు నా మొహం చూశారా? ఫోన్ ఇంటర్వ్యూయే కదా!"

కౌశిక్ గతుక్కుమన్నాడు. "పోలీసులకి చెబుదాం పదండి."

"చెప్పాల్సిందే. ఇది వాళ్ళ ఊరు" అన్నాడు పార్థసారథి. "కానీ పోలీసు అన్న మాట వినగానే వాడు పాస్‌పోర్టులు తగలబెట్టేస్తే రేపు ఈ పిల్ల ఏం చూపిస్తుంది? ముందు అది చేతికి రానీ. ఆ తరవాత నీ సర్టిఫికెట్ సంగతి కూడా నువ్వే వాళ్ళకి చెప్పాలమ్మా. మేం పక్కన ఉంటాం."

సుచిత్ర సరేనంది.

లిటిల్ ఇండియాలో ఆదివారం జనం రోడ్డు మీదికి పొంగిపొర్లుతున్నారు. షిప్‌యార్డు పనివాళ్ళు ఊళ్ళకి ఫోన్లు చేసుకుంటూ గోడల వెంట బారులు తీరారు. వాళ్ళని తప్పించుకుంటూ ముగ్గురూ, కన్సల్టెన్సీ ఈమెయిల్ అడుగున ఉన్న అడ్రసు పట్టుకుని, ఒక కిరాణాకొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కారు. పైన ఒకటే గది, తలుపు మీద సుధాకరరావు పేరు. ఒక కంప్యూటరు, గోడకి అమెరికా, సింగపూర్ టైములు చూపించే రెండు గడియారాలు. కంప్యూటరు ముందున్న మనిషి లేచి నిలబడ్డాడు.

"మా ఫ్లాటుకి వచ్చింది ఇతనే అంకుల్" అంది సుచిత్ర.

ఆ మనిషి సుచిత్రని చూడలేదు. పార్థసారథినే చూస్తున్నాడు. పోల్చుకున్నాడని తెలుస్తూనే ఉంది.

"నాకిక్కడ ఏ అధికారమూ లేదు బాబూ" అన్నాడు పార్థసారథి. "కూతుర్ని చూడటానికొచ్చిన ముసలాణ్ణి. ఒక్కటే అడుగుతాను. మీది ఏ ఊరు?"

ఆ మనిషి చూపు సొరుగు మీదికి పోయింది. కౌశిక్ గొంతు పెంచబోతే పార్థసారథి చెయ్యెత్తి ఆపాడు. తనే ఒక కుర్చీ లాగి ఆ మనిషి ముందుకు జరిపాడు.

"కూర్చో. నిలబడి చెప్పే సంగతి కాదులే."

సుధాకరరావు కూర్చున్నాడు. సొరుగు లాగి, రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్ట బల్లమీద పెట్టాడు. సుచిత్ర గబగబా తనది వెతికి పట్టుకుని, లోపల ఫోటో చూసుకుని, గుండెకి హత్తుకుంది. అప్పుడు నోరు విప్పాడు అతను.

"రాజమండ్రి సార్. టెలిఫోన్స్ ఇంజనీరు మధుసూదనరావుగారి అబ్బాయిని. ఇంట్లో బాబ్జీ అంటారు. ఆ రోజు మీ జేబులో నాకు పిప్పరమెంట్లు దొరికితే ఉంచుకోమన్నారు. మా నాన్నని కోర్టు వదిలేసింది లెండి. మీమీద కసితో చేశాననుకోకండి. అలాంటిదేం లేదు. పాస్‌పోర్టులు తీసుకున్నది నేనే, ఈ అమ్మాయికి లేని ఎక్స్‌పీరియన్స్ రాసిందీ నేనే. పోలీసులకి కూడా ఇదే చెబుతాను. నేను తెచ్చిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే చెప్పాపెట్టకుండా అమెరికా విమానం ఎక్కేస్తున్నారు సార్. ఇంకొకడు పోతే అందర్నీ వెనక్కి పంపేస్తానని క్లయింటు అన్నాడు. వెళ్ళకండర్రా అని ఈమెయిల్ పెడితే ఒక్కడూ జవాబివ్వలేదు. నా మాట ఎవడూ వినడు సార్, చిన్నప్పట్నుంచీ అంతే. మా నాన్న ఊరందరిమీదా అరిచేవాడు. మీరు పేరు చెప్పగానే నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ పేరు వాడుకున్నాను. రెన్యువల్ టైముకి ఎవరి పాస్‌పోర్టు వాళ్ళకి పంపించేసి, మేనేజరుగారే సీబీఐతో మాట్లాడి విడిపించారని చెప్పిద్దామనుకున్నాను. ఇక నన్ను వదిలిపోరని. కానీ ఈ అమ్మాయి ఏడ్చింది సార్. మెట్లు దిగుతుంటే ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది. వెనక్కి వెళ్ళి ఇచ్చేద్దామని ఆగాను కూడా. ఇచ్చేస్తే మళ్ళీ సుధాకరరావునైపోతాను. ఆ కాసేపు మీరుగా ఉండటం నాకు బాగుంది సార్. అందుకే ఇవ్వలేదు."