మొదటి గడిలో టిక్కు

వేశానో లేదో, కూరలో ఎండు నిమ్మకాయలు, మూత తీస్తే తేలిపోతుంది గాని చెయ్యి ఖాళీ లేదు, చేతిలో ఈ వారం కాగితాలున్నాయి, రోజుకొకటి చొప్పున ఏడు, ఒక్కోదాంట్లో పన్నెండు ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు గడులు, అన్నిటికీ మొదటి గడిలోనే టిక్కు, నొప్పి లేదు, పుండు లేదు, ఏడుపు లేదు, నిద్ర బాగా పట్టింది, ఏదడిగినా తమామ్, అంటే అంతా బాగుందని, మూడేళ్లుగా నా చేత్తో నేనే పెట్టిన టిక్కులు, ఇవే ఆఖరి కాగితాలట, హాల్లో మామా పక్కన కూర్చున్న ఫైజా వీటి కోసమే ఎదురుచూస్తోంది, ఇవి పట్టుకుని వెళ్తే మరి ఈ ఇంటికి రాదట, ఇంటి యజమానురాలిని మామా అనాలి, ఆవిడ భర్తని బాబా అనాలి, వయసుతో పని లేదు, ఇక్కడ మాలాంటి పనివాళ్ల పద్ధతి అది, బాబా సైన్యంలో ఉండగా ట్రక్కు బోల్తా పడి వెన్ను విరిగింది, నడుము కింద చీమ కుట్టినా తెలియదు, అలా దెబ్బతిన్న సైనికులు ఇంటికొచ్చాక ఎలా బతుకుతున్నారో తెలుసుకోవాలని ఎవరో పెద్దలు డబ్బిచ్చి 2003లో పరిశోధన పెట్టించారు, అబుదాబీలో పదకొండు ఇళ్లు, పదకొండు మంచాలు, మంచానికొక పనిమనిషి, ఆ పనిమనిషి నింపే కాగితాలు, వాటిని పోగుచేసే ఉద్యోగం ఈ నెల్లూరు పిల్లది.

ఇందాక మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కాయితాల్లో మీవోళ్లందరూ బాగుండారు గదక్కా, బాగుండేవోళ్లకి పరిశోధన ఎందుకు, నర్సులెందుకు అని డబ్బిచ్చేవోళ్లు అడగతావుండారు, మాకాడ జవాబు లేదు అంది, రెండో విడత డబ్బు వచ్చుంటే వారానికి రెండుసార్లు ఇంటింటికీ నర్సు వచ్చేదట, గాలి పరుపులు వచ్చేవట, ఆ పదకొండుమందినీ నెలకోసారి ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకోనిచ్చేవారట, ఖలాస్, అన్నీ పోయాయి, అలాగామ్మా అన్నాను, సిగ్గులేని నోరు, ఆ పిల్ల తాగిన గ్లాసు కడిగి బోర్లించాను.

గౌరవ్వ సంగతి జరగకపోతే నేనూ నిజమే రాసేదాన్ని, అదీ అబద్ధమే, రాసేదాన్ని కాదు, గౌరవ్వ కరీంనగర్ మనిషి, కాగితాలు ఎలా నింపాలో మాకు నేర్పిన రోజు నా పక్క కుర్చీలో కూర్చుంది, ఉన్నదున్నట్టు రాయమన్నారు గదా అని మొదటి నెల్లోనే రూపాయి బిళ్లంత పుండు పడిందని రాసింది, కాగితం కింద ఇంటావిడ సంతకం పెట్టాలి, పుండు పడిందంటే పనిమనిషి సరిగా తిప్పలేదని అర్థం, నాలుగో రోజుకి గౌరవ్వ విమానంలో ఉంది, ఆ వారమే నేను మిస్‌డ్ కాల్స్ ఇచ్చి ఒక్కొక్కళ్లనీ ఫోన్లోకి రప్పించాను, మనవాళ్లు నలుగురు, మిగతావాళ్లు మలయాళీలు, శ్రీలంకవాళ్లు, అందరికంటే పెద్దదాన్ని, పెద్దరికం ఊరుకోనిస్తుందా, మొదటి గడి తప్ప దేంట్లోనూ పెన్ను పెట్టొద్దని తెలుగులోనూ హిందీలోనూ పాఠం చెప్పాను, అందరూ విన్నారు, ఎంత బాగా విన్నారో ఇవాళ తెలిసింది.

రెండు గంటలకోసారి బాబాని పక్కకి తిప్పాలి, వేళైంది, గదిలో బఖూర్ ధూపం కమ్ముకుని ఉంది, పుండు వాసన బయటపడకుండా పొద్దుట నుంచి మూడుసార్లు వేశాను, మామా మురిసిపోయింది, తొమ్మిది రోజుల కింద ఆవిడ తమ్ముడి పెళ్లి చుట్టాలు ఇరవైమందికి వండి వారుస్తూ రెండు గంటల్ని ఐదు గంటలు చేశాను, కుడి తుంటి మీద మొదట ఎర్రబడింది, తర్వాత తోలు లేచింది, ఇప్పుడు బొటనవేలు పడుతుంది, నిన్నటి నుంచి ఒళ్లు కాలిపోతోంది, జలుబు జ్వరమని మామాకి చెప్పి పనడాల్ మాత్ర వేశాను, పొగకి దగ్గొస్తోంది, సాంబ్రాణి పొగలోనూ ఇలాగే దగ్గేదాన్ని, మా ఆయన తాటిచెట్టు మీంచి పడి రెండేళ్లు నులకమంచం మీద ఉన్నప్పుడు, ఎవరొచ్చి ఎలా ఉన్నాడే పేరమ్మా అన్నా వాకిట్లోనే నిలబెట్టి బాగానే ఉన్నారండి అనేదాన్ని, బాగాలేడంటే పెళ్లాం సరిగా చూడటం లేదంటారని, కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు దుప్పటి తీసి, ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఈ పుండు అని అడిగాడు, గట్టిగా కూడా అడగలేదు, వారానికి మా ఆయన పోయాడు, నేనే చంపుకున్నాను, ఈ మాట ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు, దేవుడా, మళ్లీ అదే మంచం, అదే నోరు, ఇంకో మనిషి.

ఎడమ పక్కకి తిప్పి వీపు వెనక దిండు పెడుతుంటే మంచం మీద వదిలిన కాగితాలు బాబా తీసుకున్నాడు, మూడేళ్లలో ఎప్పుడూ అడిగింది లేదు, మాటే తక్కువ, గోడ చూస్తూ ఉంటాడు, మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడుస్తాడు, దానికీ మొదటి గడిలోనే టిక్కు, ఏడు కాగితాలూ తీరిగ్గా తిరగేసి ఎండిపోయిన పెదవులతో నవ్వాడు, యే ఆద్మీ కౌన్ హై పేరమ్మా, బహుత్ ఖుష్ హై, ముఝే భీ మిలావ్ అన్నాడు, ఎవరీ సుఖపడుతున్న మనిషి, నాకూ ఒకసారి పరిచయం చెయ్యమని, కోపం లేదు, తిట్టినా బాగుండేది, కాగితాలు నా చేతిలో పెట్టి కళ్లు మూసుకున్నాడు.

హాల్లో మామా సంతకానికి పెన్ను మూత తీసి ఉంచింది, ఫైజా సంచి జిప్పు తీసింది, ఇచ్చేస్తే ఒక్క నిమిషం పని, ఇవ్వకపోతే వీసా రద్దు, టికెట్టు, గౌరవ్వ వెళ్లిన దారి, వెళ్తే ఊళ్లో నా కోసం తలుపు తీసేవాళ్లు కూడా లేరు, మామా, బాబా మాఫీ తమామ్ అన్నాను, బాబాకి బాగాలేదని, ఆ గొంతు నాదేనా, పెన్ను ఆగింది, ఇప్పుడు ఊరుకుంటే మళ్లీ నోరు రాదని ఫైజా వైపు తిరిగాను, ఫైజమ్మా, ఆ సంచి అక్కడెట్టి గదిలోకి రా, పుండుంది, చూద్దువుగాని, మూడేళ్లూ అబద్దవే రాశాను, అందరి చేతా నేనే రాయించాను, ఎల్లి ఆ డబ్బిచ్చేవోళ్లకి చెప్పు, మామా పరుగున గదిలోకి వెళ్లింది, వెనకే ఫైజా, తర్వాత మామా కేక, ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డ్రైవర్ని పిలవమని, రేపే విమానం ఎక్కిస్తారేమో, ఎక్కించనీ, భయపెట్టింది ఈ ఇల్లనీ, ఆ ఊరనీ ఇన్నాళ్లూ అనుకున్నాను, కాదు, దుప్పటి ఎత్తి చూసే మనుషులు అక్కడికీ వచ్చారు, ఇక్కడికీ వచ్చారు, బాగానే ఉన్నాడని చెప్పి వాళ్లని వెనక్కి పంపింది నేనే.